ఓడిపోతున్నా మనోళ్లే



ఈ వారం కబడ్డీ గురించి రాస్తున్నాను. కొందరు పెద్దలకు ఇది రుచించకపోవచ్చు. "అయ్యగారూ, విశ్వాసి ఆటలు చూడొచ్చా?" అని మా సంఘంలోనే ఒకరు అడిగారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం చివర చదవమన్నాను. పరుగు పందెం అక్కడుంది, ముష్టియుద్ధం అక్కడుంది. కొరింథు పక్కనే రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడి తలమీద ఆకుల కిరీటం పెట్టేవారు. అది నాలుగు రోజులకే ఎండిపోయేది. ఆ సంగతులన్నీ ఎరిగిన మనిషి రాసిన మాటలవి.

అయితే ఆ వాక్యభాగం మీద మనం చేసే ప్రసంగాలన్నీ గెలిచేవాడి గురించే. బహుమానం, కిరీటం, జయజీవితం. ఓడిపోయే జట్టును ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చునేవాడి మీద ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు. అలాంటి మనిషి మా సంఘంలో ఒకాయన ఉన్నాడు. అందరం తాత అనే పిలుస్తాం.

మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్ల సంగతి నల్లగొండ జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తాత ఆ బోరు నీళ్లే తాగి పెరిగాడు. ఇప్పుడు ఇంటి ముందర భగీరథ నల్లా ఉంది గానీ, ఎముకల్లోకి పోయిన ఫ్లోరైడు మళ్లీ బయటికి రాదు. నడుము వంగిపోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. వయసులో ఉండగా చెడుగుడు ఆడేవాడు. చెల్కలో ముగ్గుతో గీత గీసి, పంచె ఎగ్గట్టి ఆడే ఆట. కూతకొచ్చినవాడి మడమ ఆయన చేతికి చిక్కితే ఇక వాడు గీత చూసేది లేదని ఆయన ఈడువాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఆ చేతివేళ్లు ఇప్పుడు సరిగ్గా ముడుచుకోవు.

2014 జూలైలో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. చెడుగుడు టీవీలోకొచ్చింది. నేల పోయి మ్యాట్ వచ్చింది, కూతకు ముప్పై సెకన్ల గడువు వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల పేరుమీద తెలుగు టైటాన్స్ అని ఒక జట్టు వచ్చింది. ఆరోజు నుండి తాత ఆ జట్టు మనిషి. మొదట్లో రాహుల్ చౌదరి ఉన్నాడు, రోజులు బాగున్నాయి. 2015లో సెమీఫైనల్ దాకా పోయి బెంగళూరు చేతిలో ఒక్క పాయింటుతో ఓడి, చివరికి మూడో స్థానంలో నిలిచారు. 2016లో ఇంకోసారి పైదాకా వచ్చారు. ఆ తర్వాత పడటం మొదలైంది.

మీలో కబడ్డీ చూడనివాళ్ల కోసం లెక్క చెప్తాను. 2021 డిసెంబరులో మొదలైన ఎనిమిదో సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు. ఆ తర్వాతి సీజన్లో రెండు. పదో సీజన్ ముందు పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి కొన్నారు. అప్పటికి లీగ్ మొత్తంలో అంత ధర ఎవరికీ పలకలేదు. ఇక మనల్ని ఆపేవాడు లేడని పిల్లలంతా గంతులేశారు. ఆ సీజన్లోనూ గెలిచింది రెండే. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, ఐదు గెలుపులు, ఐదు టైలు, 56 ఓటములు. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం.

ఆ 66 మ్యాచ్‌లలో తాత ఎన్ని చూశాడో నాకు తెలియదు. కరెంటు ఉండి, మనవడి ఫోన్లో డేటా ఉన్న రోజు మాత్రం ఒక్కటీ వదల్లేదు. ఊళ్లో పిల్లలు ఒక్కొక్కరే జట్టు మార్చారు. ఒకడు పట్నా అన్నాడు, ఒకడు జైపూర్ అన్నాడు. తాతను ఆటపట్టించేవాళ్లు. "ఎట్లాగూ ఓడుతరని తెల్సి ఎందుకు చూస్తవే తాతా?" అంటే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"గెలుస్తరని చూస్తున్ననారా? మనోళ్లు ఆడుతున్నరు, చూస్తున్న."

మనోళ్లు! రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్. సెహ్రావత్‌ది ఢిల్లీ. జట్టులో హర్యానా పిల్లలూ ఉన్నారు. ఈ మాట ఒకసారి తాతతో అన్నాను. "అంగీ మనది తొడిగిండు గద అయ్యగారూ, ఇగ మనోడే" అన్నాడు. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో పరదేశులు ఇంటివారయ్యే సంగతి చెప్పడానికి నాకు ముప్పావు గంట పడుతుంది.

సరే, ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నియమం ఒకటుంది. ఔటైన ఆటగాడు బయటికెళ్లి కూర్చుంటాడు. తనంతట తానుగా లోపలికి రాలేడు. ఎంత బలవంతుడైనా, ఎన్ని కోట్లు పెట్టి కొన్నవాడైనా సరే. లోపల మిగిలినవాళ్లలో ఒకడు అవతలివాణ్ని తాకొస్తేనో, కూతకొచ్చినవాణ్ని పట్టి ఆపితేనో ఇతను లేచి వస్తాడు. ముందు పోయినవాడు ముందు వస్తాడు. దీన్ని ఇంగ్లీషులో రివైవల్ అంటారు. మనం గోడలమీద రాయించే ఉజ్జీవ కూటాలకు ఉన్న పేరే అది! ఇంకొక సంగతి. బోనస్ గీత దాటితే వచ్చే పాయింటు ఉంది చూడండి, అది స్కోరులో కలుస్తుంది గానీ దానివల్ల బయట కూర్చున్నవాడు ఒక్కడూ లేచి రాడు. మన సభల్లో కొన్ని లెక్కలు చూసినప్పుడు నాకు ఈ బోనస్ పాయింటే గుర్తొస్తుంది. అంకె పెరుగుతుంది. బయట కూర్చున్న తమ్ముడు బయటే ఉంటాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఆగస్టులో మా సంఘం నుండి ఒక కుటుంబం వెళ్లిపోయింది. చిన్న వయసు జంట, ఇద్దరు పిల్లలు. మూడు బోర్లు వేశారు, మూడూ దుమ్మే. ప్రతిసారీ బండి దగ్గర నేనే ప్రార్థన చేశాను. మూడోది ఎండిపోయాక ఆయన నాతో మర్యాదగానే మాట్లాడాడు. "అయ్యగారూ, ఇక్కడ ప్రార్థనలకు జవాబు రావట్లేదు. టౌన్‌లో అయితే కార్యాలు జరుగుతున్నయంట" అన్నాడు. ఆ పెద్ద పరిచర్య పేరు నాకు అనవసరం. ఆయన మీద కోపం కూడా లేదు. అప్పుమీద నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతున్నవాడికి నీళ్లెక్కడ పడతాయంటే అక్కడికే పోవాలనిపిస్తుంది. కానీ వాళ్లు కూర్చునే చోటు ఖాళీగా ఉన్న మొదటి ఆదివారం, కానుక పాట అయ్యేదాకా నా కళ్లు అటే పోయాయి. నలభై మంది ఉన్న సంఘంలో నలుగురు లేకపోతే ఎలా ఉంటుందో పల్లెటూరి కాపరులందరికీ తెలుసు.

ఆరోజు ఆరాధన అయ్యాక తాత ఆగాడు. ఆయన ఎముకల కోసం మేం ప్రార్థించడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నూనె రాశాం, ఉపవాసాలున్నాం. స్వస్థత సభలకు బండి కట్టించుకుని వెళ్లొచ్చాడు కూడా. నడుము ఇంకా వంగిందే తప్ప లేవలేదు. ఎవరైనా వెళ్లిపోవాలంటే అందరికంటే ముందు ఆయనే వెళ్లాలి. మనసులో ఉన్నది అడిగేశాను. నీకెప్పుడూ పోవాలనిపించలేదా తాతా?

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నొప్పి తక్వైతదని వస్తున్ననా అయ్యగారూ? ఫస్టు అందుకే వచ్చిన, నిజమే. ఇప్పుడు అందుకు కాదు" అన్నాడు. మరెందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. చేతికర్ర తీసుకుని పోయాడు.

ఆ రాత్రి యిర్మీయా 32వ అధ్యాయం మళ్లీ చదివాను. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ దిగి ఉంది. పట్టణం పడిపోతుందని చెప్పినవాడే యిర్మీయా. చెప్పినందుకే చెరసాల ఆవరణలో బందీగా ఉన్నాడు. ఆ సమయంలో పినతండ్రి కొడుకు వచ్చి అనాతోతులో పొలం కొనమంటాడు. శత్రువు తొక్కుతున్న పొలం! యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ఆ పత్రాలు మట్టికుండలో భద్రం చేయించాడు. దేవుడు చెప్పాడు కాబట్టి కొన్నాడు. కొన్నాక ఆయన చేసిన ప్రార్థన చదవండి. పట్టణం శత్రువు చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావే ప్రభువా అన్న ధోరణే దాని చివర వినిపిస్తుంది. అర్థమయ్యాక కొన్నవాడు కాదు, కొన్నాక అడిగినవాడు. ఆ పొలంలో ఆయన ఒక్క పంట కోసినట్టు కూడా బైబిలు చెప్పదు.

మళ్లీ కబడ్డీకి వస్తాను. 2024లో గాలి మారింది. టైటాన్స్ 22లో 12 గెలిచారు, అయినా ఏడో స్థానంలో ఆగిపోయారు. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్‌కి వచ్చారు. బెంగళూరును కొట్టారు, పట్నాను కొట్టారు. ఊళ్లో జట్టు మార్చిన పిల్లలంతా తాత మంచం చుట్టూ చేరారు. "ఇన్నొద్దులు యాడికి పోయిండ్రురా?" అని ఒక్కమాట అనలేదు ఆయన. జరిగి చోటిచ్చాడు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు చేయలేనిది ఇదేగదా అనుకున్నాను.

ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్. పుణేరి పల్టన్‌తో. అక్టోబరు 29. ఆ తేదీ మన జిల్లాల వాళ్లు అంత తొందరగా మరిచిపోరు. మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటి మనమీదికొచ్చిన రోజు. ఏరాల్సిన పత్తి చెట్టుమీదే నానుతోంది, కోసిన వడ్లు కల్లాల్లో తేలుతున్నాయి. మధ్యాహ్నం పోయిన కరెంటు రాలేదు. చీకటి పడ్డాక తలుపు చప్పుడైంది. యూరియా సంచి కొప్పెర వేసుకుని, మనవడి భుజం పట్టుకుని తాత వచ్చాడు. "మీ ఫోన్ల చార్జింగ్ ఉన్నదా అయ్యగారూ?"

ఉంది. నలుగురం ఆ చిన్న వెలుతురు చుట్టూ కూర్చున్నాం. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. భరత్ హుడా కూతకెళ్లిన ప్రతిసారీ తాత కూడా పెదాలు కదుపుతూ ఊపిరి బిగబట్టడం చూశాను. 50-45తో ఓడిపోయారు.

మనవడికి ఏడుపొచ్చింది. తాత నవ్వాడు. లీగ్ మ్యాచ్‌లలో పాత నియమం ఒకటుండేది. ఏడు లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే ఓడినవాళ్లకూ పట్టికలో ఒక పాయింటు ఇచ్చేవారు. 2025లో అది తీసేశారు. "ఐదే తేడా! పాత లెక్కనైతే ఒకటి వచ్చుగదరా" అన్నాడు మనవడితో. తర్వాత బయట వాన చప్పుడు కాసేపు విని, "పొద్దుగాల చెల్క చూసొద్దాం" అన్నాడు. ప్రార్థన చేసి పంపాను. ఆ ప్రార్థనలో పత్తి ఉంది, ఆయన నడుముంది, వెళ్లిపోయిన నలుగురూ ఉన్నారు. ఆ నలుగురి పేర్లు ఎత్తినప్పుడు ఆమేన్ అన్నది తాతే.

ఈ వారం ప్రార్థన మనవులు. తడిసి మొలకెత్తిన వడ్లు, నల్లబడ్డ పత్తి కొనేవాళ్లు దొరకాలని ప్రార్థించండి. టౌన్‌కి వెళ్లిన ఆ కుటుంబానికి నీళ్లు పడాలని, అప్పు తీరాలని అడగండి, వాళ్లు ఎక్కడ ఆరాధించినా సరే. మొన్న సంతలో పిల్లల తల్లి కనబడి, తాత ఎలా ఉన్నాడని అడిగింది. తాత కుడి మోకాలు ఈ చలికి బాగా పట్టేసింది, ఆయన కోసం ప్రార్థించండి. టైటాన్స్ పేరు కూడా మనవుల్లో రాయమని ఆయన పట్టుబట్టాడు. రాశాను. చేయడం మానడం మీ ఇష్టం.