మూడు కాళ్ళ పరుగు

ట్రాన్సిస్టర్ అంటే మా నెల్లూరు తీరంలో రేడియో అనే అర్థం. నిజానికి అది పెట్టె లోపలుండే మూడు కాళ్ళ బుల్లి వస్తువు పేరు. కావలిలో మా మేనమామ రేడియోలు బాగుచేసేవాడు. తుమ్మలపెంట జాలరులు ఉప్పుగాలికి చిలుము పట్టిన సెట్లు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. స్పీకరు దగ్గరి ట్రాన్సిస్టరు తీసి ముందు అంచెలో పెట్టరాదా అని అడిగితే, “కాళ్ళు అన్నిటికీ మూడేగానీ, పరుగులో తేడా ఉంది అబ్బయా” అనేవాడు. ప్రవర్ధకాల శాస్త్రం సగం ఆ మాటలోనే ఉంది.

ట్రాన్సిస్టరు మధ్యలో బేస్ అనే పలుచని పొర ఉంటుంది. విద్యుదావేశాలు దానిని దాటి కలెక్టరును చేరాలి. బకింగ్‌హాం కాలువ దాటించే పడవను తలచుకోండి. అవతలి ఒడ్డు చేరకముందే వెనక్కు రమ్మని కేకవేస్తే సరుకు దిగదు. సంకేతం మరీ వేగంగా అటూ ఇటూ ఊగినప్పుడు జరిగేదీ అదే. ఒక హద్దు దాటాక పౌనఃపున్యం రెట్టింపైతే ప్రవర్ధనం సగమవుతుంది. రెండింటి లబ్ధం మాత్రం మారదు. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్నమాట.

స్పీకరును నడిపే ఏసీ128 జెర్మేనియంది. దాని లబ్ధం ఒకటి, ఒకటిన్నర మెగాహెర్ట్జ్‌లు. 455 కిలోహెర్ట్జ్‌ల దగ్గర దానికి మిగిలేది రెండు మూడు రెట్లే. సిలికాన్ బీఎఫ్194 లబ్ధం వందల మెగాహెర్ట్జ్‌లు గనుక అక్కడ పూర్తి బలం చూపుతుంది.

455 ఎందుకంటారా? అది ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో కనిపెట్టిన సూపర్‌హెటరోడైన్ కిటుకు. విజయవాడ కేంద్రానిది 837 కిలోహెర్ట్జ్‌లు. సెట్టు తనలో 1292 పుట్టించి, రెండింటినీ కలిపి, వాటి భేదమైన 455ను తీసుకొంటుంది. ఏ స్టేషను పెట్టినా పెంచే పని అధికభాగం ఆ ఒక్క చోటే. తొలినాళ్ళ నెమ్మది ట్రాన్సిస్టర్లతోనూ రేడియోలు పలికాయంటే ఈ తెలివి వల్లనే.

ఇది ఉత్త లెక్కల వినోదం కాదు. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరం దాటింది. అటువంటి రాత్రులలో కరెంటు పోతే మిగిలేది బ్యాటరీ సెట్టే. ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన తీగలో పుట్టే మైక్రోవోల్టుల అలజడి, వేటకు పోవద్దని చెప్పే మనిషి గొంతుగా మారాలంటే అంచె అంచెకూ తగిన ట్రాన్సిస్టరే ఉండాలి. సరైన నంబరు దొరికేదాకా మామ సెట్టు తిరిగి ఇవ్వకపోవడం చాదస్తం కాదు.

గెయిన్‌ను ‘లాభం’ అనడం నాకు నచ్చదు. ట్రాన్సిస్టరు శక్తిని పుట్టించదు. బ్యాటరీ సొమ్మును సంకేతం చెప్పినట్లు ఖర్చుచేస్తుంది. అందుకే ‘ప్రవర్ధనం’ అన్నాను. ఇంతకన్న కమ్మని తెలుగు మాట మీ ఎరుకలో ఉంటే చెప్పండి.