నేను తినని బర్గరు

సావనీరుకు వ్యాసం అడుగుతూ యూనియన్ కార్యదర్శి "ఏదైనా గంభీరమైన విషయం రాయండి సార్" అన్నాడు. నేను అమెరికాలో ఎం.ఎస్. చదివిన మాట నిజమే. కాని అక్కడ నాకు బుద్ధి చెప్పిన పాఠం లేబరేటరీలో కాదు, పెనం దగ్గర దొరికింది. కనుక పాఠకులు మన్నించాలి. ఈ వ్యాసం బర్గరు గురించి.

కాన్సస్ రాష్ట్రంలో విచిటా అనే ఊళ్ళో చదువుకొనే రోజులవి. విదేశీ విద్యార్థి క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు పనిచేయవచ్చు. నాకు దొరికింది క్యాంటీనులో బర్గర్లు కాల్చే పని. గది అద్దెకు అదే ఆధారం. చిక్కల్లా ఒక్కటే. అక్కడ బర్గరంటే గొడ్డుమాంసం. నేనది తినను. మన హాస్టల్లో తినేవాళ్ళం, తిననివాళ్ళం ఒకే బల్ల దగ్గర కూర్చొన్నాం గనుక ఎదుటివాడి కంచంతో నాకెప్పుడూ పేచీ లేదు. కాని రుచి చూడకుండా వండటం ఎలా?

మొదటిరోజే తెలివి ప్రదర్శించాను. ఉప్పూకారం లేని ఆ కైమాను చూసి జాలేసింది. ఉప్పు, మిరియాలు, ఉల్లిపాయ ముక్కలు వేసి, మసాలావడ పిండిలా బాగా పిసికి, ఇరవై బిళ్ళలు చేశాను. కాలుతున్నంతసేపూ అట్లకాడతో అదుముతూనే ఉన్నాను. అదిమినప్పుడల్లా చుయ్‌మంటుంటే మహా సంబరం! తీరా చూస్తే చెప్పు అట్టల్లా బిగుసుకుపోయాయి. ఇరవైకి ఇరవై చెత్తబుట్ట పాలు. ఉద్యోగం ఊడిందనుకొని, "నా జీతంలో కోసుకోండి" అన్నాను. అరవై దాటిన వంటాయన ఒకడుండేవాడు. "జీతం సంగతి తర్వాత. ముందిలా రా అబ్బాయ్" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. కైమాలో అయిదో వంతు కొవ్వుండాలి. చేత్తో ఎంత తక్కువ తాకితే అంత మంచిది. ఉప్పు ముందే కలిపి పిసికితే మాంసంలోని ప్రొటీను కరిగి జిగురవుతుంది, బిళ్ళ రబ్బరవుతుంది. అందుకని ఉప్పు పెనం మీదికి వెళ్ళేటప్పుడే, అదీ పైపైన. పెనం కణకణలాడాలి. వేసిన అరనిమిషంలోపల ఒక్కసారి గట్టిగా నొక్కాలి. అప్పటికింకా కొవ్వు కరగదు కనుక నష్టం లేదు. మాంసమంతా పెనానికి అంటుకొని ఎర్రటి పొర కడుతుంది. ఆ తర్వాత నొక్కితే రసమంతా పెనం పాలు. నేను సంబరపడిన చప్పుడు అదేనన్నమాట! ఎర్రటి పొరలోనే అసలు రుచి. ప్రొటీను తునకలూ చక్కెరలూ వేడికి కలిసి జరిపే ఈ చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. మన పెసరట్టు అంచు కమ్మదనమూ దాని చలవే.

ఇక ఛీజు. ఖరీదైనది వేస్తే నూనె విడిపోతుంది. చవకైన ప్రాసెస్డ్ ఛీజులో కలిపే లవణాల వల్ల అది విరగకుండా కరిగి దుప్పటిలా కప్పుకొంటుంది. బన్ను మెత్తగా ఉండాలి, కోసిన వైపు వెన్నతో కాల్చాలి. లేకపోతే రసానికి నానిపోతుంది. కొవ్వుకు విరుగుడుగా పుల్లటి దోసకాయ ముక్కలు రెండు, కాసిని ఉల్లిపాయలు, కొంచెం కెచప్, మస్టర్డ్. పప్పన్నంలోకి ఊరగాయ ఎందుకో ఇదీ అందుకే. అంతకుమించి ఏం పేర్చినా నోట పట్టదు.

ఆయనకు తన ఊరంటే గర్వం. 1921లో వాల్టర్ ఆండర్సన్, బిల్లీ ఇంగ్రామ్ కలిసి వైట్ కాసిల్ మొదలుపెట్టింది విచిటాలోనే. బర్గరు అయిదు సెంట్లు. 1906లో అప్టన్ సింక్లేర్ 'ది జంగిల్' నవల వచ్చినప్పటి నుంచీ జనానికి కైమా అంటే అనుమానం. అందుకే వాళ్ళు తెల్లటి గోడలు కట్టి, అందరి కళ్ళెదుటే వండారు. 1948లో కాలిఫోర్నియాలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ పట్టికలో చాలా సరుకు తీసేసి, పదిహేను సెంట్లకు బర్గరు అమ్మారు. ఒకరు దాపరికం తీసేశారు, ఒకరు అనవసరం తీసేశారు. మంచి బర్గరంటే ఈ రెండూ లేనిదే.

"మరి రుచి చూడని నాకు తెలిసేదెలా?" అని అడిగాను. "ముందు చప్పుడు విను. తర్వాత అంచు చూడు. ఆఖర్న తినేవాడి మొహం చూడు. మొదటి కొరుకుకు మాట ఆగిపోవాలి" అన్నాడు. నెల తిరిగేసరికి బల్లల దగ్గర మాటలు ఆగడం నేనూ చూశాను. ఇరవై బిళ్ళలకు జీతంలో కోత కూడా పడలేదు.

సెమిస్టరు ఆఖరి రాత్రి క్యాంటీను మూసేశాక, పెద్దాయన పెనాన్ని శుభ్రంగా గీకి, వేడినీళ్ళతో కడిగి తుడిచాడు. రేపటి కోసమనుకొన్నాను. దాని మీద ఒక గుడ్డు కొట్టి, అంచు ఎర్రబడనిచ్చి, ఛీజు కప్పి, వెన్నతో కాల్చిన బన్నులో దోసకాయ ముక్కలతో పెట్టి నా చేతికిచ్చాడు. "ఆర్నెల్లుగా నీ చేతి వంట అందరూ తింటున్నారు. నువ్వు ఖాళీ కడుపుతో వెళ్ళడం నాకు నచ్చలేదు. పెనం కడిగాలే, భయం లేదు" అన్నాడు.

మొదటి కొరుకుకు నాకూ మాట రాలేదు. ఆయన నా మొహం చూసి తలూపి, దీపాలార్పడానికి వెళ్ళాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీలో ఎందరో పరాయి వంటిళ్ళలో నిలబడతారు. మీరు తినని వంటనైనా తినేవాడి కోసం శ్రద్ధగా వండండి. మీకోసం పెనం కడిగేవాడు అక్కడా ఒకడుంటాడు.