కొండ కనపడే ఊరు

"మీదే ఊరండీ?" అంటే "మదనపల్లె" అంటాను. వెంటనే అవతలివాళ్ళ మొహం వెలిగిపోతుంది. "అబ్బో, హార్సిలీ హిల్స్ పక్కన! మీకేం బాసూ, ఊరంతా ఏసీయే" అంటారు. మా టీంలో ఒకాయనైతే నలభై ఐదేళ్ళకే ఉద్యోగం మానేసి మా వైపు రెండెకరాలు కొనుక్కుని ప్రకృతి వ్యవసాయం చేస్తానని ఎక్సెల్ షీటు కూడా తయారు చేసుకున్నాడు. అందులో బోరు ఖర్చు ఒకే ఒక్క లైను. ఒక్క బోరు! మా ఊరి రైతులకి చూపిస్తే ఆయన్ని ఊరేగించినా ఊరేగిస్తారు.

ఈ "కొండ పక్క ప్రశాంతమైన చిన్న ఊరు" అనే బొమ్మ మన ఐటీ వాళ్ళ బుర్రల్లో బాగా పాతుకుపోయింది. వీకెండు రిసార్టుల పుణ్యం కావచ్చు. నేనక్కడ పుట్టి పెరిగాను, ప్రస్తుతం కాప్రాలో అద్దెకుంటున్నాను. ఆ బొమ్మలో ఎంత నిజముందో చెప్పడానికి ఈ పాటి అర్హత చాలనుకుంటా.

ముందు ఏసీ సంగతి తేలుద్దాం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 695 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాదు సగటు ఎత్తు 540 మీటర్ల చిల్లర. తేడా నూట యాభై మీటర్లు. కిలోమీటరు ఎత్తుకి ఆరు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బళ్ళో చదువుకున్న లెక్క వేస్తే, ఎత్తు వల్ల మా ఊరికి కలిసొచ్చేది ఒక్క డిగ్రీ! మిగతా తేడా అంతా కాంక్రీటుది, తారుది, మనం గోడకి తగిలించి వీధిలోకి వేడి ఊదే అసలు ఏసీలది. అంటే హైదరాబాదు కూడా ఒకప్పుడు ఏసీ ఊరే, మనమే ఆపేశాం. ఇంకో తమాషా ఏంటంటే మా మేడ మీదనుంచి కనపడే మౌలాలీ గుట్ట సుమారు 2000 అడుగులు. ఆ మెట్లన్నీ ఆయాసపడుతూ ఎక్కి పైన దర్గా దగ్గర నిలబడినా, లెక్క ప్రకారం మీరింకా మదనపల్లె బస్టాండు కన్నా కిందే ఉన్నట్టు.

హార్సిలీ హిల్స్ మాట వేరు. అది నాలుగు వేల అడుగుల పైమాటే. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర ఎండాకాలం తలదాచుకోడానికి పైన బంగళా కట్టుకున్నాడు, కొండకి ఆయన పేరు అంటుకుపోయింది. (చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు మేము కడప వాళ్ళమే. 2022లో అన్నమయ్య జిల్లా అన్నారు. ఊరు కదల్లేదు, అడ్రసు మాత్రం మారుతూ ఉంటుంది.) అయితే కొండ మీది చల్లదనం కొండ మీదే ఉంటుంది. ఊళ్ళో ఉండేవాళ్ళం ఏడాదికోసారి చుట్టాలొస్తే వాళ్ళని తీసుకుని గాలిబండ చూపించి దిగొస్తాం, అంతే. చార్మినార్ పక్కనున్నవాళ్ళు చార్మినార్ ఎన్నిసార్లు ఎక్కుతారు చెప్పండి?

కొండలంటే పచ్చగా ఉంటాయని అనుకునేవాళ్ళకి ఇంకో మాట. మా ఊరి చుట్టూ ఉన్నవి చాలావరకు బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుంటాయి. మధ్యలో సీతాఫలం చెట్లు, ముళ్ళపొదలు, మేకలు. వానలు పడ్డ రెండు మూడు నెలలు పచ్చ రంగేసుకుంటాయి. తర్వాత గడ్డి ఎండిపోతుంది, వేసవిలో ఏదో ఒక రాత్రి నిప్పంటుకుంటుంది. చిన్నప్పుడు మేడ మీద పడుకుని ఆ మంట కొండ మీద సన్నటి గీతలాగా పాకడం చూస్తూ నిద్రపోయేవాళ్ళం. అందంగా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఇప్పుడు నీళ్ళు. నైరుతి రుతుపవనం పడమటి కనుమల్లోనే బరువంతా దించేసుకుని మా దాకా ఖాళీ చేతులతో వస్తుంది. ఈశాన్యం వస్తే తుపానై వస్తుంది, లేకపోతే లేదు. ఊళ్ళోంచి బాహుదా నది పోతుంది. నది అన్నమాటేగానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అది మా క్రికెట్ గ్రౌండు. వచ్చినప్పుడు మాత్రం మర్యాద ఉండదు. ఈ బాహుదా, పింఛా కలిసే చెయ్యేరు అవుతుంది. 2021 నవంబరు వానలకి ఆ చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. కొండ నేలకి నీళ్ళు పట్టుకునే గుణం తక్కువ, కింద రాయి. బోరు వెయ్యి అడుగులు దించినా పగుళ్ళలో తగిలితే తగిలినట్టు. మా తాత వదిలిన రెండెకరాల్లో ఇప్పటికి నాలుగు బోర్లేశాం, పనిచేసేది ఒకటి, అదీ మార్చి దాకా. హైదరాబాదుకి 2004లో కృష్ణ వచ్చింది, 2015లో గోదావరి వచ్చింది. మా వైపు మాత్రం శ్రీశైలం నీళ్ళు ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలవ కోసం ఒక తరం మొత్తం ఎదురుచూసింది.

మరి ఇంత కరువు నేలలో ఏం పండుతుంది? టమాటా. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, రెండు ముక్కలు ఎక్కువ రాస్తే తిట్టుకోకండి. టమాటాకి పగటి ఎండ కన్నా రాత్రి వేడితోనే పేచీ. రాత్రి చల్లబడకపోతే పూత రాలిపోతుంది, కాయ పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో కింద మైదానాల్లో రాత్రులు ఉడికిపోతున్నప్పుడు మా ఎత్తులో రాత్రి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఎండాకాలంలో మీ పప్పులో పడ్డ టమాటా మదనపల్లె నుంచి వచ్చి ఉండటానికి చాలా అవకాశం ఉంది. మనం పైన వెక్కిరించిన ఆ ఒకటి రెండు డిగ్రీలే ఒక ఊరి మొత్తానికి అన్నం పెడుతున్నాయన్నమాట. కాకపోతే ఆ అన్నం ఎప్పుడు పెడుతుందో తెలీదు. 2023 జులైలో మా మార్కెట్టులో కిలో వంద దాటి నెలాఖరుకి రెండొందల దగ్గరికి పోయింది, టీవీల వాళ్ళు మండీలో గుడారాలు వేసుకున్నంత పని చేశారు. సెప్టెంబరుకల్లా ధర మళ్ళీ నేల మీదికొచ్చింది, కెమెరాలు అప్పటికే వెళ్ళిపోయాయి. మా కౌలుదారు జులైలో కాయ లేక, సెప్టెంబరులో కాయ ఉండీ, రెండుసార్లూ నష్టపోయాడు. మనం క్రిప్టో గురించి ఒకళ్ళకొకళ్ళం జాగ్రత్తలు చెప్పుకుంటాం గానీ, అసలైన వొలటాలిటీ చూడాలంటే తెల్లవారుజామున మా మండీకి రండి.

ఊరి గొప్పలు కూడా చెప్పకపోతే మావాళ్ళు ఊరుకోరు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మా ఊళ్ళోనే. 1919లో టాగూరు వచ్చి జనగణమన ఇంగ్లీషులోకి మార్చింది మా బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలోనే. వీటికన్నా నాకు గొప్పగా అనిపించేది ఆరోగ్యవరం. క్షయకి మందే లేని రోజుల్లో, 1915లో, గాలి బాగుందని చెప్పి ఊరి పక్కన శానటోరియం కట్టారు. ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ డాక్టరు నడిపేవాడు. ఎక్కడెక్కడి నుంచో రోగులు రైలెక్కి వచ్చేవాళ్ళు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. మీ భుజం మీదున్న మచ్చకీ మా ఊరికీ ఆ మాత్రం చుట్టరికం ఉంది.

ఆ లెక్కన వందేళ్ళ కిందట వైద్యం కోసం జనం మా ఊరికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు వైద్యం కోసం మా ఊరినుంచి బయటికి పరిగెత్తుతున్నారు.

2021 ఆగస్టు. కోవిడ్ వల్ల ఆఫీసు ఇంటి నుంచే, నేను ఊళ్ళోనే ఉన్నాను. ఒక రాత్రి ఒంటిగంటకి నాయన లేచి కూర్చుని "ఛాతీ మింద బండ పెట్టినట్టుండాది రా" అన్నాడు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి, ఇంజెక్షను ఇచ్చి, "ఇక్కడ చెయ్యలేం, తిరుపతో బెంగుళూరో తీసుకుపోండి" అన్నారు. రెండూ నూట ఇరవై కిలోమీటర్లకి అటూ ఇటూ. గుండెపోటుకి మొదటి గంట బంగారం అని పోస్టర్లు వేస్తారే, ఆ గంట మాకు అంబులెన్సు కోసం ఎదురుచూడ్డంలోనే సగం కరిగిపోయింది. నాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. తిరుపతి రూటు, కొండ రూటు రెండూ తోలాడు. స్ట్రెచరు మీద పడుకుని, ఆ నొప్పిలో కూడా డ్రైవరుతో "రేత్రి పూట బాకరాపేట ఘాటు వద్దబ్బా, చింతామణి మింద పోదాం" అన్నాడు. అలాగే పోయాం. మూడు గంటలు పట్టింది. స్టెంటు వేశారు, బతికాడు. ఏడు నెలల తర్వాత, 2022 మార్చిలో, అదే భాకరాపేట ఘాట్‌లో పెళ్ళివాళ్ళ బస్సు లోయలో పడిన వార్త చూసి నాయన టీవీ కట్టేసి బయటికెళ్ళిపోయాడు. ఆ రోడ్డులో ప్రతి మలుపూ ఆయనకి తెలుసు.

నేనా రోజు ఊళ్ళో ఉండటం కేవలం కోవిడ్ పుణ్యం. మామూలు రోజుల్లో ఐదొందల కిలోమీటర్ల అవతల ఉంటాను. ఆఫీసు వెనక్కి పిలిచినప్పుడు, ఈ లెక్కంతా వేసుకుని, అమ్మానాయనల్ని కాప్రాకి తెచ్చాను. ఇక్కడైతే కార్డియాలజిస్టు పది నిమిషాల్లో దొరుకుతాడు. లిఫ్టుంది. సైనిక్‌పురి వైపు నడవడానికి చెట్లున్న రోడ్లున్నాయి. కాప్రా కూడా 2007లో గ్రేటర్‌లో కలిపేదాకా సొంత మునిసిపాలిటీయే. ఊరికో చెరువు, చూడ్డానికో గుట్ట, అన్నీ ఉన్నాయి, సర్దుకుపోతారులే అనుకున్నాను.

ఇరవై రెండు రోజులున్నారు. అమ్మ పర్లేదు, పక్క ఫ్లాటు వాళ్ళతో కలిసిపోయింది. నాయన మాత్రం పొద్దున్నే టీ గ్లాసు తీసుకుని మేడ ఎక్కేసేవాడు. నీళ్ళ ట్యాంకుల మధ్యనుంచి మౌలాలీ గుట్ట ముక్క ఒకటి కనపడుతుంది. దాన్ని చూస్తూ నిలబడేవాడు. మా ఊళ్ళో కొండ అంటే ఆయనకి వాతావరణ శాఖ. కొండకి మబ్బు ఏ వైపు కట్టిందో చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పేవాడు, నా ఫోను యాప్ కన్నా ఎక్కువసార్లు ఆయనదే కరెక్టయ్యేది. ఇక్కడ గుట్ట చూసి ఏమీ చెప్పలేకపోయాడు. "ఈ గుట్ట నాకు అలవాటు లేదు" అన్నాడు. ఒకరోజు భోజనం దగ్గర ఉన్నట్టుండి, "ఈడ అన్నీ బాగుండాయి నాయనా. కానీ యాడ చూసినా పది అడుగుల్లో గోడ. కన్ను యాడికి పోవాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను రోజంతా చూసేది ఇరవై నాలుగు అంగుళాల మానిటరు, అది ఇంకా దగ్గర.

"మళ్ళా నొప్పొస్తే ఎట్ల?" అన్నాను. "వస్తే వస్తాది. చింతామణి రోడ్డు ఇప్పుడు బాగుండాది" అన్నాడు. అమ్మ నా వైపు చూసి, మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ ఆదివారమే రాత్రి బస్సెక్కించాను.

సంగతేంటంటే, ఇద్దరి లెక్కా కరెక్టే. నా లెక్క నిమిషాల్లో ఉంది, ఆయనది రోజుల్లో. నేను ఒక రాత్రి కోసం ప్లాన్ చేస్తున్నాను, ఆయన మిగతా రాత్రులన్నిటి కోసం. రెండిట్నీ కలిపే ఫార్ములా ఏ షీటులోనూ కుదరలేదు. ఊళ్ళో ఒక క్యాథ్ ల్యాబు, ఇరవై నాలుగ్గంటలూ పలికే డాక్టరు ఉంటే అసలీ గొడవే లేదు. మదనపల్లె పల్లెటూరేం కాదు, 2011 జనాభా లెక్కల్లోనే లక్షా ముప్పై ఐదు వేలు దాటింది. ఇంతమంది ఉన్న ఊరికి మంచి గాలి ఎలాగూ ఉంది, గుండెకి గంటలోపు వైద్యం అడగడం అత్యాశేం కాదు కదా. నలభై ఐదుకి రిటైరై వచ్చే మన వాళ్ళు కూడా బోరుతో పాటు ఈ లైను కూడా షీటులో వేసుకుంటే మంచిది. వచ్చేటప్పుడు మీ గుండె కూడా మీతోపాటే వస్తుంది :-)

ప్రస్తుతానికి చేసిన ఏర్పాట్లివి. నాయన మంచం పక్కన గోడకి రెండు అంబులెన్సు నంబర్లు, వేసుకునే మందుల పేర్లు, పాత ఈసీజీ కాపీ అంటించాను. వీధిలో కారున్న ఒకతనితో మాట్లాడి పెట్టాను, అర్ధరాత్రైనా వస్తానన్నాడు. మా ఆఫీసులో వారానికి మూడు రోజులు రమ్మంటున్నారు. నెలకి పది రోజులు వరసగా ఊరినుంచి పనిచేసి, మిగతా రోజులన్నీ ఇక్కడ కూర్చుంటానని మేనేజర్ని అడిగాను. "పాలసీ చూసి చెప్తా" అన్నాడు. ఈలోపు ఈసీఐఎల్ దగ్గర చూసుకున్న టూ బెడ్రూం ఫ్లాటుకి అడ్వాన్సు కట్టమని బిల్డరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఐదో అంతస్తు, తూర్పు మొహం. మొన్న వెళ్ళి బాల్కనీలో నిలబడి చూశాను. ఎదురుగా ఇంకో బ్లాకు లేస్తోంది. అడ్వాన్సు ఇంకా కట్టలేదు.