నేలకి తగ్గ వెడ్జ్

సియాటిల్ దగ్గర ఐదేళ్లు ఉండి, పోయిన ఏడాది వేసవిలో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారాం. సామాన్లతో పాటు నా గోల్ఫ్ బ్యాగూ వచ్చింది. గోల్ఫ్ అనగానే కోటీశ్వరుల ఆట అనుకోకండి. అక్కడ మా ఇంటికి దగ్గర్లో మునిసిపల్ కోర్సు ఉండేది. పాపని స్కూల్లో దింపి, ఒక బకెట్ బంతులు కొట్టుకుని ఇంటికొచ్చేదాన్ని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న నాకు, రోజు మొత్తంలో నాదంటూ ఉన్న గంట అదొక్కటే.

ఫ్రిస్కో అంటే మనవాళ్లకి గుడీ, దోసె హోటళ్లూ గుర్తొస్తాయి కానీ, పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని తెచ్చుకున్న ఊరు కూడా ఇదే. ఇంకేం, ఇక్కడ బాగా ఆడుకోవచ్చు అనుకున్నాను. గురువారం ఉదయం తొమ్మిది హోల్స్ ఆడే ఆడవాళ్ల బృందంలో చేరాను.

మొదటి గురువారమే పరువు పోయింది. గ్రీన్‌కి ఇరవై గజాల దూరంలో బంతి ఉంది. సియాటిల్లో కళ్లు మూసుకుని కొట్టే షాటు. వెడ్జ్ తీసి కొట్టాను. ‘టక్’ మని రాయికి తగిలినట్టు చప్పుడైంది. బంతి గాల్లోకి లేవకుండా నేలబారుగా దూసుకెళ్లి, గ్రీన్ దాటి, అవతల ఆగి ఉన్న కార్టు చక్రానికి తగిలింది. కార్టులో ఉన్న పెద్దావిడ ఉలిక్కిపడింది. నాలుగైదు సార్లు సారీ చెప్పాను. ఆ రోజు అలాంటివి ఇంకో మూడు పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. కానీ నేను కొట్టబోతుంటే ఎదురుగా ఉన్నవాళ్లు మెల్లగా పక్కకి తప్పుకోవడం కనిపించింది. రెండో వారమూ అదే తంతు. మూడో వారం తలనొప్పి అని చెప్పి మానేశాను. ఆ తర్వాత సాకు చెప్పడం కూడా మానేశాను.

కొత్త ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఉన్న ఒక్క సరదా పోయింది. అమ్మేమో వీడియో కాల్లో, “పోనీలేవే, ఎండలో ఆ కర్ర పట్టుకుని తిరక్కపోతే ఏం?” అంది. నాకూ అంతేనేమో అనిపించింది. ఐదేళ్లు నేర్చుకున్నది ఐదు రోజుల్లో ఎలా పోతుందో మాత్రం అర్థం కాలేదు.

ఒకరోజు గరాజ్ సర్దుతూ వెడ్జ్‌ని తిరగేసి చూశాను. అడుగున 56, 14 అని రెండు అంకెలున్నాయి. మా ఆయన మొదట్లో కొనిచ్చిన సెట్టులోది. 56 అంటే లాఫ్ట్ అని, అంటే ముఖం ఎంత వాలుగా ఉందో చెప్పేదని తెలుసు. 14ని ఎప్పుడూ పట్టించుకోలేదు. అది బౌన్స్ అట.

తేలిగ్గా చెప్తాను. వెడ్జ్‌ని నిటారుగా నేలమీద నిలబెడితే దాని ముందంచు నేలకి ఆనదు. అడుగు భాగం కొంచెం బొజ్జలా కిందికి దిగి, అదే నేలకి తగులుతుంది. ముందంచు నుంచి ఆ బొజ్జకి ఉన్న వాలే బౌన్స్. ఆ అడుగు భాగాన్నే సోల్ అంటారు. మన అట్లకాడతో పోల్చుకోండి. అంచు పెనానికి ఆనించి తోస్తే దోసె కిందికి దూరుతుంది. అట్లకాడ అడుగున బొజ్జ ఉంటే? అంచు పైకి లేచి దోసెకి పక్కనుంచి గుద్దుకుంటుంది. నా బంతికి జరిగింది అదే. ముందంచు బంతి కిందికి దూరకుండా సరిగ్గా దాని నడుముకి తగిలింది.

మరి ఆ బొజ్జ ఎందుకు పెట్టారు? ఇసుక కోసం. 1930ల మొదట్లో జీన్ సారజెన్ అనే అమెరికన్ ఆటగాడు, తన క్లబ్ ఇసుకలో కూరుకుపోతోందని దాని అడుగున లోహం అతికించాడు. విమానం పైకి లేచేటప్పుడు తోక పలకలు కదలడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పేవాడు. 1932లో ఆ క్లబ్బుతోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. బొజ్జ ఉంటే క్లబ్ ఇసుకలోకి దిగబడకుండా జారిపోతుంది. మెత్తటి తడి నేలలోనూ అంతే. ఏడాదిలో సగం రోజులు తడిసి ఉండే సియాటిల్ గడ్డిలో నేను బంతికి వెనకాల కొట్టినా ఆ 14 డిగ్రీలు నన్ను కాపాడుతూ వచ్చాయన్నమాట. నా గొప్పే అనుకున్నాను!

ఇక్కడి నేల వేరు. అచ్చం మన నల్లరేగడే. వానకి ఉబ్బి బంకలా అంటుకుంటుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పునాదులు కదలకుండా వేసవిలో ఇళ్ల చుట్టూ నీళ్లు పెట్టుకుంటారు. దాని మీద పొట్టిగా కత్తిరించిన బెర్ముడా గడ్డి. బొజ్జ ఆ గట్టినేలకి తగిలి పైకి ఎగురుతుంది.

ఈ సంగతి నాన్నకి చెప్పాను. ఆయనకి గోల్ఫ్ తెలీదు కానీ, గుంటూరు జిల్లాలో నల్లరేగడి దున్నిన మనిషి. అంతా విని, “నేల గట్టిపడితే చేతుల్ని తిట్టుకుంటామా అమ్మా? గట్టినేలకి నాగలి ఒకలా కట్టుకుంటాం, మెత్తనేలకి ఒకలా కట్టుకుంటాం” అన్నారు. నెల రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్న సంగతి ఆయనకెలా తెలిసిందో!

చదివిన చదువు ఎక్కడికీ పోదు కదా. పాప నోట్‌బుక్ ఒకటి తీసుకున్నాను. కోర్సు దుకాణంలో అడిగితే, 56 లాఫ్టే ఉండి బౌన్స్ 8 ఉన్న డెమో వెడ్జ్ ఇచ్చారు. సోల్ సన్నగా ఉండి, మడమ వైపు కొంత అరగదీసి ఉంది. ఇలా అరగదీయడాన్ని గ్రైండ్ అంటారు. మూడు ఉదయాలు ప్రాక్టీసు గ్రీన్ దగ్గర గడిపాను. ఎండిన పొట్టిగడ్డి, నీళ్లు పెట్టిన మెత్తటి గడ్డి, ఇసుక. ఒక్కోచోట ఒక్కో వెడ్జ్‌తో పదేసి బంతులు. ఎండిన గడ్డి మీద పాతది 3 సార్లు శుభ్రంగా తగిలితే, కొత్తది 7 సార్లు తగిలింది. మెత్తటి గడ్డిలో రెండూ 6. ఇసుకలో తారుమారు. పాతది 7, కొత్తది 3. అంటే ఇది మంచిది, అది చెడ్డది అని లేదు. ఎక్కడ వాడుతున్నామన్నదే లెక్క.

తర్వాత పాప ఎర్ర మార్కర్‌తో సోల్ అంతా పూసి, కొన్ని షాట్లు కొట్టి చూశాను. రంగు వెనక సగంలోనే పోయింది. ముందువైపు పోతే, క్లబ్ నిటారుగా దిగి మట్టి తవ్వుతోందని. అలాంటివాళ్లకి బౌన్స్ ఎక్కువుంటేనే మేలు. నాలా వెనకవైపు పోతే, ఊడ్చినట్టు కొడుతున్నామని. అలాంటివాళ్లకి తక్కువ బౌన్స్ నప్పుతుంది. ఊడ్చే చెయ్యి, గట్టినేల, 14 బౌన్స్... మూడూ కలిసి నన్ను ముంచాయి. నా తప్పూ లేకపోలేదు. బంతి లేవట్లేదని భయపడి ముఖాన్ని ఇంకా తెరిచేదాన్ని. తెరిచేకొద్దీ బౌన్స్ పెరుగుతుంది. చేతులు కాస్త ముందుకి, లక్ష్యం వైపు ఉంచితే తగ్గుతుంది. కాడ ఐదు డిగ్రీలు ముందుకి వాలితే బౌన్స్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది.

మీలో ఎవరైనా కొనాలనుకుంటే నాకు తెలిసింది చెప్తాను. దుకాణంలో మ్యాట్ మీద కొట్టి నిర్ణయించుకోకండి. వెనకాల తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని లేపేస్తుంది, తప్పు దాచేస్తుంది. మీరు ఆడే గడ్డి మీదే కొట్టి చూడండి. అంకె ఒక్కటే చూడకండి. అదే బౌన్స్ ఉన్నా సోల్ వెడల్పుగా ఉంటే ఎక్కువ బౌన్స్ ఉన్నట్టే పనిచేస్తుంది. ఆడవాళ్ల సెట్లలో ఇలాంటి వెడల్పు సోల్‌లే ఎక్కువ, కొన్నిటి మీద బౌన్స్ అంకె కూడా ఉండదు. తిరగేసి చూసుకోవాల్సిందే. సుమారుగా 6 దాకా తక్కువ, 7 నుంచి 10 మధ్యస్థం, ఆపైన ఎక్కువ అనుకోవచ్చు. నేల ఎలాంటిదో, కొట్టే తీరు ఏమిటో తెలియకపోతే మధ్యస్థంతో మొదలుపెట్టడం క్షేమం.

ఆ డెమో వెడ్జ్‌నే తగ్గింపు ధరకి, తొంభై డాలర్లకి ఇస్తామన్నారు. సంపాదన లేని మనిషిని, నా సరదాకి తొంభై డాలర్లా అని రెండు రోజులు ఆగాను. మా ఆయన, “ఉన్నది కూడా 56యేగా, ఒకే నంబరువి రెండెందుకు?” అన్నారు. “దోసె పెనం మీద చపాతీ కాలిస్తే ఊరుకుంటారా?” అన్నాను. నవ్వి, “సరే, తీసుకో” అన్నారు. తీసుకున్నాను. పాతది పారేయలేదు. ఇసుకలో పడితే ఇప్పటికీ అదే దిక్కు. బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు, నా దగ్గర పదే ఉన్నాయి.

రెండు నెలల తర్వాత ఒక గురువారం మళ్లీ వెళ్లాను. కార్టులో ఉలిక్కిపడ్డ పెద్దావిడే పలకరించి, “ఇన్నాళ్లూ ఏమైపోయావు?” అని అడిగింది. నా నేల సంగతీ, ఎర్ర మార్కర్ సంగతీ చెప్పాను. ఆవిడ తన వెడ్జ్ తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని అంకె వెతుక్కుంది. ఇరవై ఏళ్లుగా ఆడుతోందట, ఎప్పుడూ చూడలేదట.

ఆరో హోల్ దగ్గర నా బంతి గడ్డి పలచబడ్డ గట్టినేల మీద ఆగింది. ఎదురుగా ఉన్నవాళ్లు పక్కకి తప్పుకుంటారేమోనని ఒకసారి తలెత్తి చూశాను. ఎవరూ కదల్లేదు. చేతులు ముందుకి పెట్టి కొట్టాను. బంతి మెత్తగా లేచి, గ్రీన్ మీద పడి, గుంటకి మూడడుగుల దూరంలో ఆగింది.

ఆ మూడడుగుల పుట్ మాత్రం తప్పింది. ఇక ఆ పుట్టర్ సంగతి చూడాలి.