కోళ్ళలో కులం లేదు

"కోళ్ళల్లో కూడా కులం ఉంటుంది కదండీ, ప్రకృతే అంత" అన్నాడు స్టాఫ్‌రూములో ఒకాయన. కొత్త పిల్లల్ని పాత పెట్టలు పొడుస్తాయని ఎక్కడో చదివాడట. ఆయనింట్లో కోళ్ళు లేవు. మా ఇంట్లో ఉన్నాయి. కాబట్టి మిత్రులారా, ఈ వారం కోళ్ళ సంగతి.

కూర్మన్నపాలెంలో మా పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు. స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సుల మోతకి అది ఏ వేళప్పుడైనా కూస్తుంది. అమ్మ పన్నెండు వనరాజా పిల్లల్ని కొన్నది. తల్లికోడి ఉంటే గద్ద మీదికైనా ఎగురుతుంది. వీటికి ఆ దన్ను లేదు. "అలాగొగ్గేత్తే పొడిసి సంపేత్తాయి" అంది. ఆరు వారాలు వేరుగా పెంచింది, రాణీఖెత్ టీకా వేయించింది. తర్వాత పెరట్లోనే వల కట్టి అటు పెద్దవాటిని, ఇటు చిన్నవాటిని ఉంచింది. రెండు వారాలు ఒకదాన్నొకటి చూసుకోవడమే, పొడుచుకోడానికి లేదు. ఆ తర్వాత పన్నెండింటినీ ఒక్కసారే వదిలింది. ఒక్కదాన్నే వదిలితే అన్నీ దాని మీదే పడతాయి. నూకలు నాలుగుచోట్ల పోసింది. పిల్లలు మాత్రమే దూరేంత సందు ఉంచి ఒక చెక్కపెట్టె బోర్లించింది. అయినా పొడుపులు తప్పలేదు. నెత్తురు కనబడిన పిల్లని వెంటనే గంప కింద మూసింది, నెత్తురు చూస్తే మిగతావీ అక్కడే పొడుస్తాయని.

ఈ పొడుపుల వరసని శాస్త్రంగా రాసినవాడు నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె, 1920ల మొదట్లో. ఎవరు ఎవర్ని పొడవాలో తేలాక గొడవ తగ్గుతుంది, నిజమే. కానీ అది ఎప్పుడూ నిచ్చెనలా ఉండదు. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, ఆ మూడోది మళ్ళీ మొదటిదాన్నే పొడవచ్చు. పెత్తనం చేసే పెట్ట జబ్బుపడితే కిందికి జారుతుంది. దాని పిల్లకి ఆ పెత్తనం వారసత్వంగా రాదు, అదీ కింది నుంచే మొదలెట్టాలి. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతలో ఇందులో ఏది జరుగుతుంది? ఒక పెట్ట తాగితే ఇంకో పెట్టకి నీళ్ళు మైలపడవు. మహాడ్ చెరువులో పశువులు తాగొచ్చు, మనం తాగకూడదు. 1927లో అక్కడ దోసిలి పట్టాల్సి వచ్చింది అందుకే. దీన్ని ప్రకృతి ఖాతాలో వేయడం కోళ్ళకే అవమానం.

అమ్మ పద్ధతిలో ఒక్కటి మాత్రం తీసుకుంటాను. అడ్మిషన్లు మొదలవుతున్నాయి. మీ హాస్టల్లో, మీ డిపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళు ఒక్కరే చేరితే వాళ్ళది ఏ గదో ముందే కనుక్కోండి. మొదటి వారం మెస్‌కి వాళ్ళతో కలిసి వెళ్ళండి.