ఒక చెవి కమ్మ

తెల్లవారుజామున హిందూపురంలో రైలెక్కాను. బెంగళూరులో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఏటా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మీద బండ్లు ఆపేసి బొమ్మలు పరుస్తారు. కర్ణాటక చిత్రకళా పరిషత్తు మొదలుపెట్టిన చిత్రసంతె అది. పేరుకు తగ్గట్టు సంతే: బేరాలు, తోపులాట, భుజాల మీద పిల్లలు.

శివానంద సర్కిల్ వైపు నుంచి లోపలికి నడిస్తే అన్నీ రంగులే. బుద్ధుళ్లు, పరుగెత్తే గుర్రాలు, వినాయకులు. ఎవరింటి సోఫా వెనక గోడకో కొలత తీసుకుని గీసినట్టుంటాయి, నా కంటికి ఆనవు. చెట్టుకు ఆనించిన ఒక పెన్సిల్ బొమ్మ దగ్గర మాత్రం కాళ్లు ఆగాయి.

ఒక అవ్వ ముఖం. ఎదురుగానే ఉంది గానీ చూపు మన మీద లేదు. నుదుటి ముడతలు గట్టి పెన్సిల్‌తో వెంట్రుకల్లా గీశాడు. కొంగు నీడకు మెత్తటి 6బి. గ్రాఫైట్‌ను ఎంత ఒత్తినా ఒక హద్దు దాటాక నలుపెక్కదు, మెరుస్తుంది. అందుకే కాబోలు, కంటిపాపలకు చార్‌కోల్ వాడాడు. వాటిలోని వెలుగుచుక్కలు పెన్సిల్ తాకకుండా వదిలేసిన కాగితమే. ఎడమ చెవికి రాళ్ల కమ్మ. కుడి తమ్మె సాగి వేలాడుతోంది, బెజ్జం ఖాళీ.

తాకట్టు, అనుకున్నాను. కరువు సీమవాడికి ఖాళీ చెవి కనబడితే ఇంకేం తోస్తుంది? జతలో ఒక్కటే ఎవరు కుదువ పెడతారన్న ఆలోచన అప్పుడు రాలేదు.

గీసిన కుర్రాడు నా కన్నడం విని నవ్వి తెలుగులోకి దిగాడు. చింతామణి వైపువాడట.

"కుదువా లేదు, ఏమీ లేదన్నా. ఫోనొస్తే గుచ్చుకుంటాదని కమ్మ తీసి ఒళ్లో పెట్టుకుంటాది మా అవ్వ. ఆదివారం మా అత్త కువైట్ నుంచి చేస్తాది. అప్పుడు తీసిన ఫోటో చూసి గీసినా."

"మాట్లాడేటప్పుడా?"

"పెట్టేసినంక."

మళ్లీ చూశాను. కమ్మ తిరిగి పెట్టుకోవడం మరిచిపోయిన ముఖం. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. వాటి చుట్టూ రబ్బరుతో పదేపదే చెరిపిన మరకలు, కాగితం నూగు లేచిపోయింది.

"ఆ నోరొక్కటే నాలుగు రోజులు పట్టిందన్నా" అన్నాడు.

"ఎంతకిస్తావు?"

"అమ్మేది కాదు. దీన్ని చూసి నిలబడినోళ్లను కూర్చోబెట్టి గీస్తా."

ముందున్న స్టూలు చూపించాడు. కూర్చుని, అలవాటుగా కళ్లజోడు తీయబోయాను. "ఉండనీన్నా" అన్నాడు పెన్సిల్ చెక్కుకుంటూ. ఇరవై నిమిషాల్లో నా బొమ్మ చేతికొచ్చింది. పోలిక బాగానే ఉంది. చెరిపిన మరక మాత్రం ఒక్కటీ లేదు.