ముక్కల బలం

చతుర్ముఖ పారాయణం జరిగే ఇంట్లో పెరిగినదాన్ని. అయినా డల్లాసులో మా మనవడి దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నాను. వాడి ఆట యూగియో. కజుకి తకహాషి అనే జపాను ఆయన 1996లో మొదలెట్టిన బొమ్మల కథలోంచి పుట్టింది. 1999లో కొనామీ వారు ముక్కలు అచ్చేశారు.

వాడికొచ్చిన తెలుగే నాలుగు ముక్కలు. ఆ నాలుగూ ఈ ముక్కల మీదే ఖర్చు పెడతాడు.

"ఏ కట్ట గట్టిదిరా?" అంటే మీరైనా నేనైనా 3000 బలమున్న నీలికళ్ళ తెల్ల డ్రాగన్ ఉన్నదే అంటాం. వాడు నవ్వుతాడు. మామూలుగా దాన్ని దింపాలంటే ముందు రెండు చిన్నవాటిని బలివ్వాలిట. అంతదాకా అవతలివాడు ఊరుకుంటాడా?

అసలు చూడవలసింది మొదట చేతికొచ్చే అయిదు ముక్కలు. కట్టలో 40 నుంచి 60 దాకా పెట్టుకోవచ్చు; ఏ ముక్కా మూడుకి మించకూడదు. 40 ఉంటే, మూడున్న ముక్కల్లో ఒక్కటైనా మొదటి చేతిలో పడే అవకాశం నూటికి 34. 60 పెడితే 23. బీరువా నిండినకొద్దీ కావలసిన చీర అడుక్కి పోవడం మనకి తెలియనిదా! అంచేత ఆరితేరినవాళ్ళు ముచ్చటైన ముక్కల్ని కూడా నిర్దాక్షిణ్యంగా తీసిపారేస్తారు.

"మరి నీ కట్టలో డ్రాగన్లెందుకు? శనివారం మూడాటలూ ఓడావుగా?"

"నాకిష్టం అమ్మమ్మా."

నేను బయల్దేరేనాడు నాకో కట్ట పేర్చి సంచిలో పెట్టాడు. విమానంలో లెక్కపెట్టాను. సరిగ్గా 40. మూడు డ్రాగన్లూ అందులోనే ఉన్నాయి.